రిషివ్యాలీలో ఏడేళ్లు: పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులకు ఒక పూర్వ విద్యార్థిని మాట

మా బంధువుల్లోగానీ తెలిసినవాళ్లలోగానీ ఎవరి పిల్లలైనా అయిదో తరగతికి రాగానే నాకు ఒక ఫోన్ వస్తుంది. "నువ్వు రిషివ్యాలీలో చదివావు కదమ్మా, మా పాపను అక్కడ వేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందంటావు?" అని అడుగుతారు. చెప్పడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే మాట ఫీజు మీదికీ, సీటు మీదికీ, ఆ తర్వాత ర్యాంకుల మీదికీ మళ్లిపోతుంది. నేను అసలు చెప్పాలనుకున్నది ఒక్కసారి కూడా పూర్తిగా చెప్పలేకపోయాను. అందుకే మదనపల్లె దగ్గరున్న ఆ హాస్టల్ బడి గురించి తీరికగా కూర్చుని రాస్తున్నాను. 1998 జూన్‌లో ఆరో తరగతిలో చేరి, 2005 మార్చిలో పన్నెండో తరగతి పరీక్షలు రాసి బయటికి వచ్చాను. ఇన్నేళ్లలో బడి వేళలు, ఫీజులు, నియమాలు మారి ఉంటాయి కనుక వాటిని నేరుగా బడివాళ్లనే అడగండి. అంత తేలిగ్గా మారనివి మాత్రమే ఇక్కడ చెబుతాను.

మాది అనంతపురం. కదిరి మీదుగా మదనపల్లె వెళ్లే బస్సులో, ఒళ్లో ఒక ట్రంకుపెట్టె పట్టుకుని, అమ్మానాన్నల మధ్య ఇరుక్కుని కూర్చుని మొదటిసారి అక్కడికి వెళ్లాను. మదనపల్లెకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలంలో, తెట్టు గ్రామం దగ్గర కొండల నడుమ ఉన్న లోయ అది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే నల్లరాతి గుండ్లు, చింత, వేప, కానుగ చెట్లు, ఒకవైపు రిషికొండ, కాస్త దూరంలో హార్సిలీ హిల్స్ అని అందరూ పిలిచే ఏనుగు మల్లమ్మ కొండ కనిపిస్తాయి. అనంతపురం పిల్లనైన నాకు రాయీ ఎండా కొత్త కాదు. అంత రాతి మధ్య అంత పచ్చదనం ఉండడం మాత్రం కొత్తగా తోచింది. ఆ పచ్చదనం దానంతటదే వచ్చింది కాదని, కరువు సీమలో దశాబ్దాల పాటు మొక్కలు నాటి, పశువులు మేయకుండా కాపాడి, వాన నీటికి అడ్డుకట్టలు వేసి పెంచుకున్నదని తర్వాత తెలిసింది. ఆ లోయను 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు.

బడి కథ చాలామందికి తెలిసిందే. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, దివ్యజ్ఞాన సమాజం నాయకురాలు అనీబిసెంట్ ఆదరణలో పెరిగి, పుట్టిన ఊరికి దగ్గరలోనే ఒక విద్యాకేంద్రం ఉండాలని తలచి, ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న ఈ చోటును ఎంచుకున్నారు. 1920ల చివర్లో భూమి సమకూరింది, 1930ల మొదట్లో బడి నడక మొదలైంది. ఇప్పుడు కృష్ణమూర్తి ఫౌండేషన్ ఇండియా ఆధ్వర్యంలో నడుస్తోంది. నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా ఉంటుంది. పదో తరగతికి ఐసీఎస్‌ఈ, పన్నెండుకు ఐఎస్‌సీ పరీక్షలు రాయిస్తారు.

ఈ వివరాలు ఎవరైనా చెబుతారు. నేను చెప్పవలసింది వేరే ఉంది. ఆ బడి గురించి వినేవాళ్లంతా కృష్ణమూర్తి తత్వం గురించి అడుగుతారు. నన్ను పెంచింది మాత్రం ఆ చోటు చిన్నది కావడం. బడి మొత్తానికి మూడు వందల చిల్లర పిల్లలం. పాఠం చెప్పే టీచర్లు కూడా కుటుంబాలతో అక్కడే ఉండేవారు, వాళ్ల పిల్లలు మాతోనే చదివేవారు. ఇరవై మందిదాకా పిల్లలకు ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒక హౌస్ పేరెంట్. పొద్దున లెక్కల తరగతిలో నిలబడ్డ మనిషే మధ్యాహ్నం అన్నం దగ్గర ఎదురుగా కూర్చుంటారు, సాయంత్రం ఆటస్థలంలో పరుగెడతారు, రాత్రి జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. అలాంటి చోట ఏ పిల్లా "నూట నలభై రెండో నంబరు" కాలేదు. పేరుతో, అలవాట్లతో, అలకలతో సహా తెలిసిన మనిషిగానే ఉంటుంది.

దాని అర్థం నాకు ఏడో తరగతిలో తెలిసింది. ఆ లోయలో చీకటి పడ్డాక పాములూ తేళ్లూ తిరుగుతాయి కనుక ప్రతి పిల్లకూ ఒక టార్చిలైటు ఉండి తీరాలి. నా టార్చిలో బ్యాటరీలు అయిపోతే, పక్క మంచం అమ్మాయిది అడగకుండా తీసుకువెళ్లి, రాతి మెట్ల మీద జారవిడిచి, దాని అద్దం పగలగొట్టాను. చప్పుడు కాకుండా తెచ్చి ఆమె బీరువాలో పెట్టేశాను. అడిగితే నాకు తెలియదన్నాను. అనుమానం మరో అమ్మాయి మీదికి వెళ్లింది. ఆ అమ్మాయి గొడవపడలేదు సరికదా, మాట్లాడడం తగ్గించేసింది. మా హౌస్ పేరెంట్‌గా ఉన్న టీచరుగారు అందరినీ వరుసగా నిలబెట్టి విచారణ చేయలేదు. మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక, కందిపప్పు ఏరాలి, కాస్త సాయం చేస్తావా అని నన్ను తన గదికి పిలిచారు. చేట ముందు ఎదురెదురుగా కూర్చున్నాం. చాలాసేపు వాళ్ల ఊరి వానల గురించి చెప్పారు. తర్వాత చేట మీది నుంచి చూపు ఎత్తకుండానే, నువ్వు మూడు రోజులుగా పెరుగన్నం తినకుండానే లేచిపోతున్నావు, నేను చూస్తూనే ఉన్నాను అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పేశాను.

శిక్ష లేదు, ఇంటికి ఉత్తరం లేదు. నిందపడ్డ ఆ అమ్మాయికి ఏమని చెబుతావు అని మాత్రం అడిగారు. తోడు వస్తారేమోనని చూశాను, రాలేదు. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు మర్నాడు సాయంత్రం దాకా పట్టింది. చెప్పాక ఆ అమ్మాయి చాలాసేపు నా వైపు చూసి, పద ఆడుకుందాం అంది. ఆమె ఇప్పటికీ నా స్నేహితురాలు. ఇరవై మంది ఉన్న ఇంట్లో అబద్ధం మూడు రోజులకు మించి నిలవదు. ఒక పిల్ల పెరుగన్నం వదిలేసిందని గమనించే పెద్దమనిషి ఉన్న ఇంట్లో అసలే నిలవదు. మీ పిల్లను ఈ బడికి పంపితే మీకు దొరికేది ముందుగా ఇదే. మిగిలినవన్నీ దీని తర్వాతే.

ర్యాంకుల మాటకు వస్తాను, ఎందుకంటే మనవాళ్లకు ముందు కావలసింది అదే. బడిలో ర్యాంకులు లేవు, బహుమతులు లేవు, యూనిఫాం లేదు, కొట్టడం లేదు. చిన్న తరగతుల్లో పరీక్షల ఒత్తిడి లేదు. ప్రగతి పత్రంలో అంకెలకు బదులు ప్రతి సబ్జెక్టుకూ టీచరు చేతిరాతతో కొన్ని వాక్యాలు ఉండేవి. నా మొదటి సెలవుల్లో మా పెదనాన్నగారు వరండాలో కూర్చోబెట్టుకుని "ఎన్నో ర్యాంకు వచ్చింది తల్లీ?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. చదవడం లేదేమోనని ఆయన బెంగపడ్డారు. నాన్న మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. లెక్కను సరిగ్గానే మొదలుపెడుతుంది, మూడో మెట్టు దగ్గర తొందరపడి వదిలేస్తుంది, పక్కవాళ్లకు చెప్పేటప్పుడు మాత్రం ఏ మెట్టూ వదలదు అని అందులో రాసి ఉంది. "ఇది మా అమ్మాయే, సందేహం లేదు" అన్నారు నాన్న. పన్నెండు మందిలో నాలుగో ర్యాంకు అని రాసి ఉంటే ఆయనకు ఏం తెలిసేది?

అదే రోజుల్లో మా పిన్ని కొడుకు కోస్తాలోని ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో ఉండేవాడు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. వారం వారం వచ్చే మార్కులను బట్టి సెక్షన్ మారేది, సెక్షన్‌తో పాటు గదీ, గదితో పాటు స్నేహితులూ మారేవారు. రెండేళ్లలో తన పక్క మంచం మీద ఎంతమంది పడుకున్నారో వాడికి లెక్క లేదు. వాడు తెలివైనవాడు, మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు. అయితే ఆ రెండేళ్లలో కలిసిన ఒక్కరి పేరు కూడా వాడి నోట వినలేదు. రెండూ హాస్టళ్లే, రెండింటికీ తల్లిదండ్రులు డబ్బు కట్టారు. హాస్టల్ అన్న మాట ఒక్కటే అయినా దాని వెనక ఉన్న సంగతులు ఎంత వేరో చూపడానికే ఇది చెప్పాను.

సాయంత్రం అస్తాచల్ గురించి చెప్పకుండా ఈ బడి గురించి రాయడం కుదరదు. మన కావ్యాల్లో అస్తాద్రి అంటారే, అదే మాట. పొద్దు గూకే వేళకు పిల్లలంతా వచ్చి పడమటి కొండలకు ఎదురుగా కూర్చుంటారు. ప్రార్థన ఉండదు, పాట ఉండదు, ఉపన్యాసం ఉండదు. మాట్లాడకుండా కూర్చోవడం, అంతే. ఆరో తరగతిలో నాకు అది పెద్ద బాధగా ఉండేది. కాలి మీద చీమ పాకేది, పక్కమ్మాయి ముక్కు చీదేది, రాత్రికి కూర ఏమిటోనని మనసు పోయేది. తొమ్మిదో తరగతిలో ఎప్పుడో, ఫలానా రోజు అని చెప్పలేను, కొండ అంచు మీద వెలుతురు నారింజ రంగు నుంచి బూడిద రంగుకు తిరగడం మొదటి నుంచి చివరి దాకా చూశానని గమనించాను. దూరంగా చెరువు వైపు తీతువు పిట్ట అరిచింది, తెట్టు వైపు నుంచి ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. ఆ కాసేపట్లో నేను మరో పని చేయలేదు. ధ్యానం అన్న పెద్దమాట నేను వాడను. ఈనాడు హైదరాబాదులో ఆఫీసు నుంచి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఫోన్ తీయకుండా ఆకాశం వైపు చూడగలుగుతున్నానంటే, ఆ అలవాటు అక్కడ పడిందే.

చూడడం అన్నది ఆ బడిలో ఇంకా చాలా పనుల్లో ఉండేది. ఆదివారం తెల్లవారుజామున రిషికొండ ఎక్కేవాళ్లం. బైనాక్యులర్ చేతికిచ్చి, పిట్ట పేరు చెప్పకుండా, ముందు దాని నడక చూడు, తోక చూడు, ఎక్కడ కూర్చుందో చూడు అనేవారు. దక్షిణ భారతంలో రాతికొండల మీద తప్ప అంతగా కనిపించని పసుపు గొంతు బుల్‌బుల్‌ను, మనవాళ్లు పిగిలిపిట్ట అనే జాతిదే అది, నాలుగు ఆదివారాలు వెతికి అయిదో ఆదివారం చూశాను. ఆ రోజు సాయంత్రం ఉత్తరంలో అమ్మకు రెండు పేజీలు దాని గురించే రాశాను. వి. శాంతారాం వంటి పక్షిశాస్త్రవేత్త ఆ లోయలోనే ఉండి పక్షుల అధ్యయన కేంద్రాన్ని నడిపారు కనుక, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి నడిచి వెళ్లే దూరంలోనే దొరికేవారు. 2002, 2003లలో రాయలసీమ అంతటా వానలు ముఖం చాటేసినప్పుడు బావుల్లో నీళ్లు అడుగంటడం కళ్లారా చూశాం. భూగోళం పుస్తకంలోని వర్షచ్ఛాయా ప్రాంతం అన్న మాట అప్పుడు మాకు బకెట్ కొలతల్లో అర్థమైంది.

తత్వం సంగతి. పిల్లల్ని ఏదో మతంలోకో సంఘంలోకో లాగుతారేమోనని కొందరు అడుగుతారు. తనను జగద్గురువుగా నిలబెట్టిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసిన కృష్ణమూర్తి పెట్టిన బడి అది. ఆయన 1986లో కన్నుమూశారు, మా తరం ఆయన్ను చూడలేదు. ఫోటోకు దండ వేయడం, పాదపూజ చేయడం నేను ఎరుగను. పెద్ద తరగతుల్లో వారానికో పీరియడ్ కూర్చుని భయం గురించో, పోల్చుకోవడం గురించో, స్నేహం గురించో మాట్లాడుకునేవాళ్లం. కొన్నిసార్లు విసుగు పుట్టేది, కొన్నిసార్లు ఎవరో ఒక పిల్ల అనుకోకుండా తన ఇంటి సంగతి చెప్పేది, అప్పుడు గది అంతా నిశ్శబ్దమయ్యేది. పొద్దుటి అసెంబ్లీలో శ్లోకాలూ పాటలూ కలిసి పాడడం, వారం వారం జానపద నృత్యంలో పెద్దా చిన్నా టీచర్లూ అందరం గుండ్రంగా ఆడడం నాకు అంతకంటే ఎక్కువగా గుర్తున్నాయి. సిగ్గుపడే పిల్లలకు ఆ నృత్యం చేసిన మేలు ఇంతా అంతా కాదు.

తెలుగువాళ్లం కనుక ఈ మాట కూడా చెప్పాలి. బోధన ఇంగ్లీషులో. పిల్లలు బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, ముంబై నుంచి వస్తారు కనుక ఆటల్లో మాటా ఇంగ్లీషే. నా తెలుగు చెడిపోకుండా కాపాడింది వంటశాలలోనూ గోశాలలోనూ తోటలోనూ పనిచేసే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. "ఏం పాపా, అన్నం తినింటివా?" అని అడిగే వంటశాల రవణమ్మక్క మాట వింటే అనంతపురంలో మా వీధిలో ఉన్నట్టే ఉండేది. (ఆమె అసలు పేరు వేరు.) పండగ రోజున ఆమె తెచ్చిపెట్టిన ఓళిగ (బొబ్బట్టు) రుచి నాకు ఇంకా నోట్లోనే ఉంది. మీ పిల్ల తెలుగు చదవడం, రాయడం మరిచిపోకూడదనుకుంటే మీరూ తెలుగులో ఉత్తరాలు రాయండి. మా అమ్మ వారానికి ఒకటి రాసేది. అవన్నీ నా దగ్గర ఉన్నాయి.

ఊళ్లతో ఉన్న సంబంధం వంటశాలతో ఆగదు. ఈ సంగతి మన తెలుగు రాష్ట్రాల్లోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. బడికి అనుబంధంగా ఒక గ్రామీణ విద్యాకేంద్రం ఉంది. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ 1980ల నుంచి కృషి చేసి, ఒకే టీచరు, ఒకే గది, అయిదు తరగతుల పిల్లలు ఉండే పల్లె బడులకు సరిపోయే పద్ధతిని తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, వాటిని ఒక నిచ్చెన మెట్లలా క్రమంలో పెట్టి, ప్రతి పిల్లా తన మెట్టు నుంచి తన వేగంతో ఎక్కేలా చేశారు. మేము పదకొండో తరగతిలో అలాంటి ఒక బడికి వెళ్లి రోజంతా కూర్చున్నాం. ఏడేళ్ల పిల్లవాడు గోడ మీది నిచ్చెన పటం దగ్గరికి వెళ్లి, తన బొమ్మ గుర్తు వెతుక్కుని, ఆ కార్డు తానే తెచ్చుకుని, పక్కనున్న పెద్దపిల్లతో దిద్దించుకున్నాడు. టీచరు ఒక్కసారి కూడా "నిశ్శబ్దం!" అనలేదు. వారం రోజులు పొలం పనికి వెళ్లి తిరిగి వచ్చిన పిల్ల వదిలేసిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెట్టింది, వెనకబడ్డావని ఎవరూ అనలేదు. ఈ కార్డుల పద్ధతి ఇతర రాష్ట్రాలకూ వెళ్లింది. తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వచ్చిన కృత్యాధార బోధనకు ప్రేరణ ఇదే. కురబలకోట మండలంలోని ఒక తెలుగు పల్లెబడి నుంచి పుట్టిన ఆలోచన అంత దూరం వెళ్లింది.

తిండి పూర్తి శాకాహారం. సాదాగా, వేడిగా, కడుపునిండా పెట్టేవారు, గోశాల పాలూ పెరుగూ ఉండేవి. గోంగూర పచ్చడి సీసాలు ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లం.

ఇక ఖర్చు. ఫీజు ఏడాదికి లక్షల్లోనే ఉంటుంది, మధ్యతరగతి ఇంటికి అది బరువే. మా నాన్న డిగ్రీ కాలేజీ లెక్చరరు, అమ్మ బ్యాంకు ఉద్యోగి. ఇద్దరి జీతాల్లో ఒకటి నా చదువుకే పోయింది, ఇల్లు కట్టుకోవడం ఎనిమిదేళ్లు వెనక్కి పోయింది. స్కాలర్‌షిప్పులు ఉంటాయి కనుక అడగడానికి మొహమాటపడకండి. సీట్లు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ. రాత పరీక్ష, పిల్లతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడడం ఉంటాయి. చేర్చాలనుకున్న ఏడాదికి ఏడాది ముందుగానే కదలాలి.

ఎంసెట్‌కో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఐఐటీకో ఆరో తరగతి నుంచే తర్ఫీదు కావాలనుకునే కుటుంబానికి ఈ బడి సరిపోదు. అది బడి లోపం అనుకోను. మామిడి తోటకు వెళ్లి జొన్నలు అడిగితే ఏం లాభం? పన్నెండు దాటాక హైదరాబాదులో డిగ్రీలో చేరినప్పుడు మొదటి ఏడాది నేను చాలా ఇబ్బందిపడ్డాను. తరగతిలో నూట పది మందిమి. లెక్చరరుకు నా పేరు తెలియదు, నాకు పక్క బెంచీ వాళ్ల పేర్లు తెలియవు. సెమిస్టరు మధ్యలో వారం రోజులు రాకపోయినా ఎవరూ అడగలేదు. ఏడేళ్లు అందరి కళ్ల ముందూ పెరిగిన మనిషికి ఎవరి కంటా పడకుండా బతకడం నేర్చుకోవలసి వచ్చింది. ఇంకో సంగతి కూడా నిజమే. ఏ చిన్న సమూహంలోనైనా అందరికీ అందరూ తెలియడం హాయీ, బరువూ రెండూ. ఒంటరిగా ఉండడమే ఇష్టపడే పిల్లలకు, తన మూల తనకు ఉంటే చాలనుకునే పిల్లలకు, ఇలాంటి చోటు ఏదైనా మొదట్లో ఊపిరాడనట్టు ఉంటుంది. మీ పిల్ల ఎలాంటిదో మీకే తెలుస్తుంది, ఏ బడివాళ్లూ చెప్పలేరు.

పదేళ్లు నిండకుండా పంపవద్దని నా సలహా. నేను పదకొండో ఏట వెళ్లినా మొదటి రెండు నెలలు రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ఏడ్చేదాన్ని. పెద్దక్కలు వచ్చి మంచం అంచున కూర్చునేవాళ్లు. తర్వాత నేనూ కొత్త పిల్లల మంచాల అంచున కూర్చున్నాను.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. కిందటి డిసెంబరులో దాన్ని తీసుకుని ఆ లోయకు వెళ్లాను. అస్తాచల్ వేళకు నా పక్కనే కూర్చుంది, చీమ కుట్టిందని రెండుసార్లు గోకింది, ఏమీ మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో మదనపల్లె బస్టాండులో టీ తాగుతుంటే, "అమ్మా, అక్కడ టార్చిలైటు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలా?" అని అడిగింది. అవునన్నాను. దరఖాస్తు ఈ నెలలో పంపుతున్నాం.